కండల మందు, మనసులోని లోటు: స్టెరాయిడ్ల దుర్వినియోగంపై తరచుగా అడిగే ప్రశ్నలు

కండలు పెంచే స్టెరాయిడ్ల గురించి తెలుగులో దొరికే సమాచారంలో ఎక్కువ భాగం గుండె, కాలేయం, సంతానోత్పత్తి చుట్టూనే తిరుగుతుంది. అది అవసరమే. అయితే సిరంజి చేతిలోకి తీసుకునే కుర్రవాడికి ఆ హెచ్చరికలు చాలావరకు ముందే తెలిసి ఉంటాయి. తెలిసి కూడా ఎందుకు తీసుకుంటున్నాడన్నది అసలు సంగతి. ఇక్కడి ప్రశ్నలన్నీ దాని గురించే. ఏ మందు ఎంత వాడాలి, ఎక్కడ దొరుకుతుంది వంటి వివరాలు ఇందులో ఉండవు.

స్టెరాయిడ్లంటే ఆస్తమాకు, కీళ్ళవాతానికి డాక్టర్లు రాసేవేనా?

కావు. ప్రెడ్నిసొలోన్, డెక్సామెథాసోన్ వంటివి కార్టికోస్టెరాయిడ్లు. అవి వాపును తగ్గిస్తాయి, రోగనిరోధక వ్యవస్థ దూకుడును అదుపు చేస్తాయి. కండను పెంచకపోగా ఎక్కువకాలం వాడితే కరిగిస్తాయి కూడా. జిమ్ములో "కోర్సు", "సైకిల్" అనే మాటల చాటున నడిచేవి అనబాలిక్ స్టెరాయిడ్లు, అంటే టెస్టోస్టెరాన్ అనే పురుష హార్మోను, దానికి ప్రయోగశాలలో చేసిన మార్పు రూపాలు: నాండ్రొలోన్, స్టానొజొలాల్, మెథాండైనోన్, ట్రెన్బొలోన్ వగైరా. టెస్టోస్టెరాన్‌ను కృత్రిమంగా తయారు చేయడం 1935లోనే సాధ్యమైంది. శరీరం తగినంత హార్మోను తయారు చేసుకోలేనివారికి, యుక్తవయస్సు మరీ ఆలస్యమైన పిల్లలకు దాన్ని వైద్యులు ఇప్పటికీ ఇస్తారు. కండల కోసం వాడేవారి మోతాదు ఆ వైద్య మోతాదుకు 10 రెట్ల నుంచి 100 రెట్ల దాకా ఉంటుంది.

ఈ పేరు గందరగోళం వల్ల ఆస్తమా ఉన్న పిల్లలకు ఇన్‌హేలర్ ఆపేసే తల్లిదండ్రులు ఉన్నారు. దయచేసి ఆ పని చేయవద్దు.

పోటీలకు వెళ్ళనివాడికి, పతకాలు అక్కర్లేనివాడికి ఇవి ఎందుకు?

స్టెరాయిడ్లు వాడేవారిలో ఎక్కువ మంది ఏ పోటీలోనూ పాల్గొననివారే. 2014లో వెలువడిన ఒక అంతర్జాతీయ విశ్లేషణ ప్రకారం జీవితంలో ఎప్పుడో ఒకసారైనా వీటిని వాడినవారు పురుషుల్లో 6.4 శాతం, స్త్రీలలో 1.6 శాతం. వీరిలో అధికులు ఇరవైల్లో మొదలుపెట్టిన మామూలు మనుషులు: ఉద్యోగి, విద్యార్థి, దుకాణదారు.

కారణం వెతకాలంటే ఇంట్లోంచే మొదలుపెట్టాలి. సన్నగా ఉన్న పిల్లవాడిని మన ఇళ్ళలో ఎన్ని మాటలంటామో ఒకసారి గుర్తు చేసుకోండి. "గాలి గట్టిగా వీస్తే ఎగిరిపోతావురా", "తిన్నదంతా ఎక్కడికి పోతోందిరా", పెళ్ళిలో ఎదురుపడిన బంధువు వాడి ముందే తల్లితో "ఏం వదినా, పిల్లాడికి తిండి పెట్టడం లేదా?" బళ్ళో చీపురుపుల్ల, వీధిలో బక్కోడు. ఇవన్నీ ప్రేమతోనే అంటాం, అందరం నవ్వుతాం, వాడూ నవ్వుతాడు. ఆడపిల్లను నల్లగా ఉన్నావనో లావుగా ఉన్నావనో అంటే తప్పని ఈ మధ్య కొందరైనా ఒప్పుకుంటున్నారు. మగపిల్లవాడిని బక్కపలచగా ఉన్నాడని వెక్కిరిస్తే మాత్రం అది అవమానమన్న స్పృహ ఎవరికీ ఉండదు. మగవాడన్నాక అలాంటివి పట్టించుకోకూడదు కదా! పట్టించుకున్నానని పైకి చెప్పుకోలేని బాధ పదేళ్ళ తర్వాత జిమ్ము మెట్లెక్కుతుంది.

వ్యాయామం ఆ బాధకు మంచి మందు. వ్యాయామంతో వచ్చిన ఫలితం ఎంతైనా చాలదని అనిపించడం మొదలైన చోట స్టెరాయిడ్ అడుగుపెడుతుంది.

మా అబ్బాయికి కండలు బాగానే వచ్చాయి. అయినా "ఇంకా పుల్లలాగే ఉన్నాను" అంటాడు. నిజంగానే అలా కనబడుతుందా?

నిజంగానే కనబడుతుంది. దీన్ని నటన అనుకోవద్దు. అమెరికన్ మనోవైద్యుడు హారిసన్ పోప్, ఆయన సహచరులు 1993లో 108 మంది పురుష బాడీబిల్డర్లను పరిశీలించినప్పుడు, భారీ శరీరం ఉండి కూడా తాము చిన్నగా, బలహీనంగా ఉన్నామని నమ్మేవారు 9 మంది తేలారు. ఎముకల గూడులా ఉండి లావుగా ఉన్నామనుకునే అనొరెక్సియా రోగులకు ఇది తిరగబడిన రూపం కనుక మొదట "రివర్స్ అనొరెక్సియా" అన్నారు, 1997లో "మజిల్ డిస్‌మార్ఫియా" అని పేరు మార్చారు. 2013లో వచ్చిన అమెరికా మనోవ్యాధుల వర్గీకరణ దీన్ని శరీరాకృతి గురించిన అబద్ధపు లోపభావనలో ఒక రకంగా చేర్చింది.

జిమ్ములో దీన్ని గుర్తుపట్టడం కష్టం కాదు. మా ఊళ్ళో మే నెల ఎండల్లో టీషర్టు మీద టీషర్టు వేసుకుని వచ్చే ఒక కుర్రవాణ్ణి నేను చాలాకాలం చూశాను. చెమటతో రెండూ ఒంటికి అతుక్కుపోయేవి. బరువు తగ్గడానికేమో అనుకున్నాను. భుజాలు వెడల్పుగా కనబడాలని వేసుకుంటున్నాడట. అప్పటికే అతని భుజాలు మా అందరికంటే వెడల్పు. ఇలాంటివారు రోజుకు పదిసార్లు అద్దం చూసుకుంటారు, లేదా అద్దం అసలు చూడరు. బంధువుల ఇంట భోజనం చేస్తే కొలత తప్పుతుందని ఫంక్షన్లు మానేస్తారు. ఒకరోజు వ్యాయామం తప్పితే ఏదో పోగొట్టుకున్నట్టు చిరాకుపడతారు. అద్దంలో కనబడేదాన్ని మనసు మార్చేస్తున్నంత కాలం ఎన్ని కిలోల కండ వచ్చినా లెక్కలోకి రాదు. కనుక మందు ఆపే రోజు కూడా రాదు.

ఇదంతా అమ్మాయిల మెప్పు కోసమేనా?

చాలామంది అలాగే అనుకుంటారు, వాడేవారు కూడా. 2000లో పోప్ బృందం అమెరికా, ఆస్ట్రియా, ఫ్రాన్స్ దేశాల యువకులకు కంప్యూటర్‌లో ఒక మగ శరీరాన్ని చూపించి, కండను పెంచుతూ తగ్గిస్తూ తమకు నచ్చిన ఆకారానికి తెచ్చుకోమంది. మూడు దేశాలవారూ తమకున్న కండ కంటే సుమారు 13 కిలోలు ఎక్కువ ఉన్న శరీరాన్ని ఆదర్శంగా ఎంచుకున్నారు. స్త్రీలు కోరేది కూడా అంత కండనే అని, కొంచెం ఎక్కువే అని ఊహించారు. స్త్రీలను అడిగితే, అదనపు కండలేవీ లేని మామూలు శరీరాన్ని చూపించారు. కొన్నేళ్ళ తర్వాత తైవాన్‌లో ఇదే పరీక్ష పెడితే అక్కడి యువకులకు తమ శరీరానికీ, తాము ఊహించిన ఆదర్శానికీ మధ్య తేడా రెండు మూడు కిలోలకు మించలేదు. కండే మగతనమన్నది ప్రకృతి నియమమైతే తైవాన్‌లో తేడా ఎందుకు వస్తుంది?

నిజానికి కుర్రవాడు భుజం చూపించేది ఎక్కువగా సాటి మగవాళ్ళకు. "అన్నా, ఏం బాడీ తెచ్చావన్నా!" అనేది పక్క బెంచీ మీది తమ్ముడే తప్ప అమ్మాయిలు కాదు.

సినిమాలు, ఫోన్ల ప్రభావం ఎంత?

కొంత ఉంది, కాని మొత్తం నేరాన్ని వాటి మీద వేసి చేతులు దులుపుకోవడం సులభం. బలం మీద మోజు మనకు కొత్తది కాదు. వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడు ఛాతీ మీద ఏనుగును నిలుపుకుంటే, కట్టిన ఇనుప గొలుసులను ఊపిరి బిగబట్టి తెంచితే జనం కలియుగ భీముడన్నారు. ఊరూరా తాలింఖానాలుండేవి, ఇప్పటికీ కొన్ని ఉన్నాయి. అక్కడ కొలమానం బరువు: ఎత్తగలిగావా లేదా. గద లేచిందంటే లేచినట్టే, దాని మీద ఎవరికీ అనుమానం ఉండదు.

ఇప్పటి కొలమానం ఫోటో. ఫోటోకు ఎప్పటికీ చాలు అనే గీత ఉండదు. జిమ్ములో పిల్లలు ఒక మూల అద్దం కోసం వరుస కడతారు, ఎందుకంటే అక్కడ వెలుగు నిట్టనిలువుగా పైనుంచి పడి కండ గీతలు తేలతాయి. అప్పుడే వ్యాయామం ముగించి ఉంటారు కనుక రక్తం నిండి కండ ఉబ్బి ఉంటుంది. ఆ ఫోటో పెట్టిన కుర్రవాడే మర్నాడు బట్టల షాపు ట్రయల్ రూములో ట్యూబ్‌లైటు వెలుగులో తనను తాను చూసుకుని దిగాలు పడతాడు. ఇతరుల గురించి మాత్రం వాడికి మూల అద్దం ఫోటోలే తెలుసు. తన ట్రయల్ రూము శరీరాన్ని లోకం మూల అద్దం శరీరాలతో రోజంతా పోల్చుకుంటూ ఉంటాడు.

కష్టపడి వ్యాయామం చేస్తే రాదా? అడ్డదారి ఎందుకు?

ఇక్కడ నిజాయితీగా ఒక విషయం ఒప్పుకోవాలి: ఈ మందులు పనిచేస్తాయి. పనిచేయవని చెప్పే పెద్దల మాటను కుర్రవాళ్ళు ఆ క్షణంలోనే కొట్టిపారేస్తారు, తర్వాత చెప్పే నిజాలను కూడా నమ్మరు. 1996లో శాలెందర్ భాసిన్ బృందం ప్రచురించిన ప్రయోగంలో 43 మంది పురుషులు పాల్గొన్నారు. పది వారాల్లో వ్యాయామం మాత్రమే చేసినవారికి కొవ్వు కాని బరువు సుమారు 2 కిలోలు పెరిగింది. వ్యాయామం లేకుండా టెస్టోస్టెరాన్ మాత్రమే తీసుకున్నవారికి 3 కిలోలకు పైగా, రెండూ కలిపినవారికి 6 కిలోలు పెరిగింది.

మందు తీసుకుని కూర్చున్నవాడు, మందు లేకుండా చెమటోడ్చినవాడిని దాటేశాడన్న మాట. ఇది మనసు మీద ఏం చేస్తుందో ఊహించండి. రెండేళ్ళు తెల్లవారుజామున లేచి, గుడ్లు ఉడకబెట్టుకుని, నేచురల్‌గా కష్టపడినవాడి కళ్ళ ముందే నిన్న చేరినవాడు మూడు నెలల్లో చొక్కా చేతులు చాలనంతగా పెరుగుతాడు. అప్పుడు పుట్టేది సోమరితనం కాదు, మోసపోయానన్న ఉడుకు. నేను చూసినంతలో స్టెరాయిడ్లు మొదలుపెట్టినవారిలో సోమరులు చాలా తక్కువ.

దీనికి గడువు తోడవుతుంది. పెళ్ళిచూపులు, కాలేజీ ఫేర్‌వెల్, పోలీసు ఉద్యోగాల "ఈవెంట్స్". ఆంధ్రప్రదేశ్ కానిస్టేబుల్ నియామకాల్లో ఊపిరి నిండా పీల్చినప్పుడు ఛాతీ 86.3 సెంటీమీటర్లు ఉండాలని, వ్యాకోచం కనీసం 5 సెంటీమీటర్లు ఉండాలని నిబంధన. కుటుంబం మొత్తం ఆశపెట్టుకున్న ఉద్యోగం ఒక కొలత టేపు మీద ఆగినప్పుడు కలిగే భయానికి, "ఆరు వారాల్లో చూసుకో తమ్ముడూ" అనే మాట ఎంత తియ్యగా ఉంటుందో చెప్పనక్కర్లేదు.

ఆ మాట చెప్పేది ఎవరు?

సాధారణంగా వీధి చివర నిలబడే అపరిచితుడు కాదు. ముందుగా వచ్చి నాలుగేళ్ళుగా అదే జిమ్ములో ఉన్న అన్న, లేదా శిక్షణ ఇచ్చే మాస్టరు. ఇంట్లో తండ్రితో మాట లేనివాడికి, భుజం మీద చెయ్యి వేసి "నీకు మంచి ఫ్రేమ్ ఉందిరా, కొంచెం సపోర్టు ఇస్తే అదిరిపోతావ్" అనే మనిషి దేవుడిలా కనబడతాడు. మొదటి ఇంజెక్షన్ అన్నే స్వయంగా వేస్తాడు. అది మందుతో పాటు ఒక గుంపులోకి ప్రవేశం కూడా. దాన్ని నిరాకరించడమంటే ఆ గుంపును, ఆ అభిమానాన్ని కాదనుకోవడం.

ఇదే దారిలో స్టెరాయిడ్ కానివి కూడా వస్తాయి. శస్త్రచికిత్సల్లో మత్తు ఇచ్చినప్పుడు పడిపోయే రక్తపోటును నిలబెట్టడానికి వాడే మెఫెంటర్మిన్ ఇంజెక్షన్లను జిమ్ముకు వెళ్ళేవారికి అమ్ముతున్న వారిని హైదరాబాద్ పోలీసులు పలుమార్లు పట్టుకున్నారు. అది కండ పెంచదు, అలసట తెలియనివ్వదు. గుండెను మాత్రం పరుగెత్తిస్తుంది.

సిగరెట్టు, మద్యం ముట్టనివాడిని వ్యసనపరుడు అనవచ్చా?

ఈ ప్రశ్న దగ్గరే ఎక్కువ కుటుంబాలు పొరబడతాయి. అనబాలిక్ స్టెరాయిడ్ తీసుకుంటే మత్తెక్కదు, తూలడు, వాసన రాదు. వాడేవాడి జీవితం బయటికి ఆదర్శంగా ఉంటుంది: పెందలాడే పడుకుంటాడు, చక్కెర మానేస్తాడు, పార్టీలకు వెళ్ళడు. తల్లి అందరికీ గొప్పగా చెప్పుకుంటుంది. తనను తాను కూడా క్రమశిక్షణ గలవాడిగానే భావిస్తాడు, తాగేవాళ్ళను చూసి జాలిపడతాడు.

అయినా వాడేవారిలో దాదాపు మూడో వంతు మందిలో ఆధారపడే లక్షణాలు కనబడతాయని పరిశోధకుల అంచనా. వక్షోజాలు ఉబ్బినా, రక్తపోటు పెరిగినా, ఇంట్లో గొడవలైనా ఆపలేకపోవడం, ఒక కోర్సుకూ ఇంకో కోర్సుకూ మధ్య విరామం తగ్గిపోతూ రావడం, జీతంలో పెద్ద భాగం దీనికే పోవడం వాటిలో కొన్ని. ఇక్కడ మనిషిని పట్టి ఉంచేది మత్తు కాదు, తగ్గిపోతానన్న భయం.

క్రీడాకారులు పతకం కోసం ప్రాణాలైనా ఇస్తారంటారు, నిజమా?

ఆ కథ బాగా ప్రచారంలో ఉంది. ఐదేళ్ళలో చచ్చిపోతావు కాని బంగారు పతకం ఖాయం, ఈ మందు తీసుకుంటావా అని బాబ్ గోల్డ్‌మన్ అనే వైద్యుడు 1980లలో అడిగితే సగం మంది సరేనన్నారట. 2013లో ఆస్ట్రేలియా పరిశోధకులు ప్రచురించిన అధ్యయనంలో 212 మంది క్రీడాకారులను అదే ప్రశ్న అడిగితే సరేనన్నవారు ఇద్దరే.

మన దేశంలో డోపింగ్ (ఆటల్లో నిషిద్ధ మందులు వాడటం) వెనుక మృత్యువుతో జూదం ఆడే వీరత్వం కంటే ఉద్యోగం, కోచ్ మీద గుడ్డి నమ్మకం ఎక్కువ పనిచేస్తాయని నా అభిప్రాయం. పల్లె నుంచి వచ్చిన ఆటగాడికి జాతీయ స్థాయి పతకమంటే స్పోర్ట్స్ కోటాలో రైల్వేలోనో పోలీసు శాఖలోనో కొలువు, చెల్లెలి పెళ్ళి, ఇంటికి పక్కా గోడలు. 2011లో భారత మహిళల రిలే పరుగు బృందంలోని పలువురు అనబాలిక్ స్టెరాయిడ్ల పరీక్షలో పట్టుబడినప్పుడు, తమకు అందిన జిన్సెంగ్ మాత్రల ద్వారానే అవి ఒంట్లోకి చేరాయని వాదించారు. శిక్ష మాత్రం తప్పలేదు, ఎందుకంటే ఒంట్లో దొరికినదానికి బాధ్యత క్రీడాకారుడిదే. 2022లో జాతీయ డోపింగ్ నిరోధక చట్టం వచ్చింది. ఆ ఏడాదీ, 2023లోనూ ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ లెక్కల్లో భారత్ నమూనాల్లో 3 శాతానికి పైగా నిషిద్ధ పదార్థాలు దొరికాయి. పెద్ద సంఖ్యలో పరీక్షలు చేసే దేశాల్లో అంత శాతం మరెక్కడా లేదు.

చిన్నప్పటి గాయాలకూ దీనికీ సంబంధం ఉంటుందా?

కొందరిలో బలంగా ఉంటుంది. దెబ్బలు తిన్నవాడు, లైంగిక వేధింపులకు గురైనవాడు, హాస్టల్లో సీనియర్ల చేతిలో నలిగినవాడు తన శరీరాన్ని ఒక కోటగోడలా కట్టుకోవాలనుకుంటాడు. 1999లో ప్రచురితమైన ఒక అమెరికన్ అధ్యయనం, అత్యాచారానికి గురైన తర్వాత విపరీతమైన వ్యాయామానికి, కండల మందులకు మళ్ళిన స్త్రీల గురించి వివరించింది. మళ్ళీ ఎవరూ తమ జోలికి రాకూడదన్నది వారి మాటల సారం. ఇలాంటివారికి మందు మానమని చెబితే గోడ కూల్చుకోమన్నట్టే వినబడుతుంది. ముందు గాయం గురించి మాట్లాడటానికి నమ్మదగిన మనిషి కావాలి.

కోపం మందు వల్లనా, స్వభావం వల్లనా?

రెండింటివల్లా. 2000లో జరిగిన ఒక నియంత్రిత ప్రయోగంలో వారానికి 600 మిల్లీగ్రాముల దాకా టెస్టోస్టెరాన్ ఇచ్చిన 50 మంది పురుషుల్లో 42 మందికి మానసికంగా చెప్పుకోదగ్గ మార్పు రాలేదు, ఆరుగురికి స్వల్పంగా, ఇద్దరికి తీవ్రంగా ఉద్రేకం పెరిగింది. ఎవరు ఆ ఇద్దరిలో ఉంటారో ముందుగా చెప్పలేం. పైగా జిమ్ముల్లో వాడే మోతాదు తరచుగా అంతకంటే ఎక్కువ, అదీ రెండు మూడు మందులు కలిపి. ఇంట్లో వస్తువులు విసరడం, బండి మీద వెళుతూ అనవసరంగా కయ్యానికి దిగడం కొత్తగా మొదలైతే దాన్ని వయసు పొగరుగా కొట్టిపారేయకూడదు.

ఆపేశాక మా తమ్ముడు మనిషి కాకుండా పోయాడు. మందు మానితే బాగుపడాలి కదా?

ఇది అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న. బయటి నుంచి హార్మోను పుష్కలంగా వస్తుంటే మెదడు అడుగున ఉన్న పిట్యూటరీ గ్రంథి వృషణాలకు పంపే సంకేతాలను ఆపేస్తుంది. వృషణాలు పని మానేసి చిన్నవవుతాయి. ఇంటికి బోరు వచ్చాక పెరటి నూతిని పట్టించుకోవడం మానేసినట్టు. మోటారు కాలిపోయిన రోజున నుయ్యి ఉంటుంది, పూడిక తీసేదాకా నీళ్ళుండవు. సొంత టెస్టోస్టెరాన్ మళ్ళీ పుంజుకోవడానికి కొందరికి వారాలు, చాలామందికి నెలలు, కొందరికి అంతకంటే ఎక్కువ కాలం పడుతుంది. ఆ మధ్యకాలంలో నీరసం, నిద్ర పట్టకపోవడం, కోరికలు చచ్చిపోవడం, దేనిమీదా ఆసక్తి లేకపోవడం రక్తపరీక్షలో కనబడే కారణంతోనే వస్తాయి.

దీని మీద మనసు దెబ్బ పడుతుంది. వారం వారం కండ కరుగుతుంది. ఏ మాటల నుంచి పారిపోవడానికి మొదలుపెట్టాడో అవే మాటలు తిరిగి వస్తాయి: "ఏరా, తగ్గిపోయావేంటి? ఒంట్లో బాగోలేదా?" ఇంకో ఇంజెక్షన్ వేసుకుంటే ఇదంతా పది రోజుల్లో పోతుందని అతనికి తెలుసు. మళ్ళీ మొదలుపెట్టేవారు ఎక్కువగా ఇక్కడే జారతారు. ఆత్మహత్య ఆలోచనల ప్రమాదం కూడా ఇప్పుడే ఎక్కువ. 2003లో అమెరికాలోని ప్లేనోలో, ఇప్పుడు తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో ఉంటున్న ఆ డాలస్ శివారులో, టేలర్ హూటన్ అనే 17 ఏళ్ళ బేస్‌బాల్ ఆటగాడు ప్రాణం తీసుకున్నాడు. స్టెరాయిడ్లు ఆపిన తర్వాతి కుంగుబాటే కారణమని నమ్మిన తండ్రి ఆ తర్వాత అమెరికా కాంగ్రెస్ ముందు సాక్ష్యమిచ్చి, పిల్లల్లో అవగాహన కోసం ఒక సంస్థ నెలకొల్పారు.

అందుకే మానేయడాన్ని ఒంటరిగా చేయనివ్వకండి. ఎండోక్రినాలజిస్టు పర్యవేక్షణలో హార్మోను తిరిగి పుంజుకోవడానికి సహాయం చేయవచ్చు, దిగులుకు మనోవైద్యుడి చికిత్స విడిగా అందించవచ్చు. జిమ్ములో "పీసీటీ" (కోర్సు ముగిశాక కోలుకోవడానికి చేసే చికిత్స) పేరుతో అన్నలు అమ్మే మాత్రలు అందుకు బదులు కావు.

ఆడవాళ్ళలో ఈ సమస్య ఉందా?

అనబాలిక్ స్టెరాయిడ్లు వాడే స్త్రీలు తక్కువ. వాడినవారికి గొంతు బొంగురుపోతే అది చాలావరకు తిరిగి రాదు. మన దగ్గర స్త్రీల విషయంలో స్టెరాయిడ్ దుర్వినియోగం వేరే వేషంలో ఉంది: ముఖం తెల్లబడటానికి రాసుకునే క్రీములు. బీటామెథాసోన్, క్లోబెటసాల్, మొమెటాసోన్ వంటి కార్టికోస్టెరాయిడ్లు కలిసిన ట్యూబులను పెళ్ళి కుదిరిందనో కుదరలేదనో నెలల తరబడి రాసుకుంటారు. 2011లో ప్రచురితమైన ఒక భారతీయ అధ్యయనంలో, 12 కేంద్రాలలో ముఖచర్మ సమస్యలతో వచ్చిన 2926 మందిలో 433 మంది ముఖానికి స్టెరాయిడ్ పూస్తున్నట్టు తేలింది. రాస్తున్నంతకాలం మెరుస్తుంది. ఆపగానే ఎర్రబడి, మండి, మొటిమలు తేలతాయి కనుక మళ్ళీ రాస్తారు. 2018లో కేంద్రం ఇలాంటి అనేక పూత మందులను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని నిబంధన మార్చినా, "అక్కా, మొన్నటి క్రీమే ఇవ్వనా?" అనే మందుల షాపులు ఇంకా ఉన్నాయి.

తమ్ముడి సిరంజి, అక్క ట్యూబు ఒకే అల్మరాలో ఉన్న ఇల్లు అసాధ్యం కాదు. ఇద్దరినీ చూసి పెదవి విరిచిన బంధువు కూడా ఒకరే అయి ఉండవచ్చు.

నలభై దాటినవారు ఎందుకు మొదలుపెడుతున్నారు?

వయసు మీద పడుతోందన్న బెంగ, పడకగదిలో తడబాటు, విడాకులు. అమెరికాలో "లో టీ" (టెస్టోస్టెరాన్ తగ్గింది అనే) ప్రకటనలు చూసి క్లినిక్కులకు వెళ్ళే తెలుగువారు కూడా ఉన్నారు. అలసటకు అసలు కారణం నిద్రలేమి, మధుమేహం, కుంగుబాటు కావచ్చు. పరీక్షలు చేయించి లోపం నిర్ధారణ అయితేనే చికిత్స.

భయపెడితే మానతారా?

మానరు. అమెరికాలో హైస్కూలు పిల్లలకు కేవలం దుష్ఫలితాలు మాత్రమే చెప్పి చూస్తే వారి ఉద్దేశాలు మారలేదు. 1990లలో ఓరెగాన్‌లో రూపొందిన అట్లాస్ కార్యక్రమం మందుల లాభనష్టాలు రెండూ చెప్పి, తిండితో వ్యాయామంతో బలం పెంచుకోవడం, మందు ఇవ్వజూపినప్పుడు కాదనడం నేర్పించింది. అక్కడ కొంత ఫలితం కనబడింది.

ఇంట్లో మాట్లాడేటప్పుడు "ఒరేయ్, చచ్చిపోతావురా" అని మొదలుపెడితే తలుపు మూసుకుంటుంది. ఒక తండ్రి నాతో చెప్పిన పద్ధతి నాకు నచ్చింది. సిరంజి దొరికిన రోజు ఆయన ఏమీ అనలేదు. రెండు రోజుల తర్వాత కొడుకును బండి మీద టీకి తీసుకెళ్ళి, "నాన్నా, నిన్ను సన్నగా ఉన్నావని మొదట అన్నది నేనే అనుకుంటా. అప్పుడు నీకు ఎలా అనిపించింది?" అని అడిగారు. టీ చల్లారిపోయిందట, కొడుకు చాలాసేపు మాట్లాడాడట. సిరంజి ప్రస్తావన కొడుకే తెచ్చాడు.

ఎవరి దగ్గరికి వెళ్ళాలి? డాక్టరు తిడతారేమో, పోలీసులకు చెబుతారేమో?

వాడినవి ఏమిటో, ఎంతకాలమో దాచకుండా చెప్పండి. చీటీ లేకుండా అమ్మడం చట్టవిరుద్ధం కాని, చికిత్స కోసం వచ్చినవారిని పోలీసులకు పట్టించడం వైద్యుడి పని కాదు. మీరు చెప్పింది గోప్యంగానే ఉంటుంది. ఖాళీ సీసా, అట్టపెట్టె ఉంటే వెంట తీసుకెళ్ళండి, నకిలీ మందులు ఎక్కువ కనుక పేరు ఒకటి, లోపల సరుకు ఒకటి కావచ్చు. సూది పంచుకున్నట్టయితే హెచ్ఐవీ, హెపటైటిస్ బీ, సీ పరీక్షలు కూడా అడగండి.

మనసు గురించి మాట్లాడాలంటే కేంద్ర ప్రభుత్వ టెలి మానస్ సేవ 14416 నంబరులో రాత్రింబగళ్ళు ఉచితంగా, తెలుగులో కూడా అందుతుంది. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం, విశాఖపట్నంలో చినవాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉన్నాయి. జిల్లా ప్రభుత్వాసుపత్రిలో మనోవైద్యుడి ఓపీ ఏ రోజుల్లో ఉంటుందో ముందుగా కనుక్కుని వెళ్ళండి. చనిపోవాలన్న మాట ఒక్కసారి వినబడినా రేపటిదాకా ఆగకుండా, ఆ రాత్రి పక్కన మనిషిని ఉంచి, దగ్గరి ఆసుపత్రి ఎమర్జెన్సీకి తీసుకెళ్ళాలి.